వంద ఎంబీపీఎస్ ఉన్నా ఆట ఎందుకు ఆగుతుంది?

ఆట మంచి ఊపులో ఉంటుంది. ప్రత్యర్థి ఎదురుపడతాడు, గురి కుదురుతుంది, బటన్ నొక్కుతాం. సరిగ్గా అప్పుడే తెర లిప్తపాటు బిగుసుకుపోతుంది. మళ్లీ కదిలేసరికి మన బొమ్మ నేల మీద పడి ఉంటుంది. ఉక్రోషం పట్టలేక ఫోన్ తీసి స్పీడ్ టెస్ట్ పెడితే 100 ఎంబీపీఎస్ నిక్షేపంగా వస్తోందని చూపిస్తుంది. లోపం ఎక్కడుందో అంతుపట్టదు. చివరికి తోచే దారి ఒకటే: ప్లాన్ 300కి పెంచేద్దాం.

నేనూ ఆ పని చేసినవాణ్ణే. పెంచాక రెండు రోజులు ఆట బాగుపడినట్టే అనిపించింది. మూడో రోజు సాయంత్రానికి మళ్లీ అదే తంతు. తీరా వెతికితే దోషం లైనుది కాదు. గోడ అవతలి రూటర్‌కీ నా ల్యాప్‌టాప్‌కీ మధ్య వైఫై తడబడుతోంది. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే.

స్పీడ్ పెరిగితే ఆటలో కనెక్షన్ నిలకడగా ఉంటుందా అని అడిగితే నా జవాబు ఇలా ఉంటుంది: చాలాసార్లు ఉండదు, కొన్నిసార్లు ఉంటుంది, ఒక్కోసారి స్పీడ్ కొంచెం వదులుకుంటేనే ఉంటుంది. ఆ మూడో మాట వింతగా వినిపిస్తుందని తెలుసు. అది అర్థం కావాలంటే ముందు స్పీడ్ అన్న మాట దగ్గరే కాసేపు ఆగాలి.

మోత వేరు, రాకపోకల సమయం వేరు

ప్లాన్ మీద కనిపించే 100 ఎంబీపీఎస్ అన్న అంకె మోతకు సంబంధించింది. ఒక సెకనులో లైను ఎంత డేటా మోయగలదో అది చెబుతుంది. మోసిన డేటా ఎంతసేపటికి అవతల చేరుతుందో చెప్పదు. ఒక లారీలో 10 టెరాబైట్ల హార్డ్ డిస్కులు వెయ్యి వేసి, ఒక రోజు ప్రయాణమంత దూరానికి పంపామనుకోండి. లెక్క కడితే అది సెకనుకు 900 గిగాబిట్లు దాటుతుంది. ఏ ఇంటికీ అంత లైను ఉండదు. కానీ అదే లారీలో ‘కాల్చాను’ అని కబురు పంపితే, ‘తగిలింది’ అన్న జవాబు చేతికందడానికి రెండు రోజులు పడుతుంది.

ఆటకు కావలసింది ఆ జవాబు త్వరగా రావడం. వెళ్లి రావడానికి పట్టే ఈ సమయాన్నే మనం పింగ్ అంటాం. ఆ పేరు 1983 డిసెంబరులో మైక్ మూస్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ రాసిన చిన్న ప్రోగ్రామ్‌ది. జలాంతర్గామి సోనార్ ధ్వనిని వదిలి, దాని ప్రతిధ్వని కోసం చెవి ఒగ్గి వినే పద్ధతిని చూసి అలా పెట్టాడు. నాలుగు దశాబ్దాలు దాటినా ఆటగాళ్లు పోట్లాడుకునేది ఇంకా ఆ అంకె మీదే.

మరి ఆట ఎంత డేటా తింటుంది? ఆశ్చర్యపోయేంత తక్కువ. గ్రాఫిక్స్, శబ్దాలు, మ్యాప్‌లు అన్నీ ముందే మన పరికరంలో ఉంటాయి. ఆట నడుస్తున్నప్పుడు లైను మీద తిరిగేవి చిన్న చిన్న కబుర్లే: నేను ముందుకు నడుస్తున్నాను, ఇటు తిరిగాను, ఈ క్షణాన కాల్చాను. వాలరెంట్ అనే షూటింగ్ ఆట సర్వర్లు, అంటే దూరాన ఉండి ఆటను నడిపే కంప్యూటర్లు, సెకనుకు 128 సార్లు ఆట స్థితిని లెక్క కట్టి చూసుకుంటాయి. కబురుకు 100 బైట్ల చొప్పున 128 కబుర్లు పంపినా సెకనుకు సుమారు 100 కిలోబిట్లు అవుతుంది (బైటుకు ఎనిమిది బిట్లు). గంటంతా ఆడితే 45 మెగాబైట్లు. అవతలి నుంచి వచ్చేది ఇంతకు కొన్ని రెట్లు ఉన్నా ఒక ఎంబీపీఎస్ చాలావరకు సరిపోతుంది. అదే ఆటను ఎవరో ఆడుతుండగా ఫుల్ హెచ్‌డీ వీడియోగా చూడాలంటే సెకనుకు ఐదు మెగాబిట్ల దాకా కావాలి. ఆడేవాడికంటే చూసేవాడికే ఎక్కువ నెట్ ఖర్చవుతుందన్నమాట.

మోత పెరిగితే రాకపోకల సమయం అసలు తగ్గదా అంటే, కొంచెం తగ్గుతుంది. నెట్‌లో డేటా ప్యాకెట్లనే చిన్న మూటలుగా పోతుంది. 1500 బైట్ల పెద్ద ప్యాకెట్‌ను లైను మీదికి ఎక్కించడానికి 1 ఎంబీపీఎస్‌లో 12 మిల్లీసెకన్లు పడుతుంది, 10లో 1.2, 100లో 0.12. ఒకటి నుంచి పదికి మారినప్పుడు తేడా చేతికి తెలుస్తుంది. వంద నుంచి మూడు వందలకు మారితే మిగిలేది మిల్లీసెకనులో పన్నెండో వంతు. సెకనుకు 60 ఫ్రేములు చూపించే తెర మీద ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు నిలుస్తుంది. ఆ పన్నెండో వంతును గమనించే కన్ను మనిషికి లేదు.

ఇక దూరం సంగతి. గాజు తీగలో కాంతి సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే శూన్యంలో పోయే వేగంలో మూడింట రెండు వంతులు. వెయ్యి కిలోమీటర్లకు పోవడానికి 5, రావడానికి 5, మొత్తం 10 మిల్లీసెకన్లు. సర్వర్ 8000 కిలోమీటర్ల దూరంలో ఉంటే 80 మిల్లీసెకన్లు ముందే రాసి పెట్టినట్టు. ఇది భౌతిక శాస్త్రం గీసిన గీత, దీన్ని దాటించే ప్లాన్ ఎవరి దగ్గరా ఉండదు. పైగా తీగలు మ్యాప్ మీద స్కేలు పెట్టి గీసినట్టు పోవు. ఒక నెట్‌వర్క్ నుంచి మరో నెట్‌వర్క్‌కు దారి ఎంచే బీజీపీ అనే పద్ధతికి పింగ్ పట్టదు. సంస్థల మధ్య ఒప్పందాలు, మధ్యలో ఎన్ని నెట్‌వర్క్‌లు దాటాలి, ఇవే దాని లెక్కలు. పక్కనే ఉన్న సర్వర్‌కు ప్యాకెట్ వెయ్యి కిలోమీటర్లు చుట్టి రావడం అందుకే అరుదేమీ కాదు. కొందరికి వీపీఎన్ పెట్టాక పింగ్ తగ్గడంలో మర్మం కూడా అదే: వీపీఎన్ మరో దారిన తీసుకుపోయింది, ఆ దారి దగ్గరదైంది. దారి ముందే బాగుంటే అదే వీపీఎన్ పింగ్‌ను పెంచుతుంది.

ఉపగ్రహ ఇంటర్నెట్‌ను చూస్తే మోతకూ సమయానికీ ఉన్న తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. భూస్థిర ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. సిగ్నల్ పైకి పోయి కిందికి రావడానికే పావు సెకను. జవాబు కూడా అదే దారిన రావాలి కాబట్టి అరసెకను దాటిపోతుంది. ఆ లైనుకు 100 ఎంబీపీఎస్ ఉండొచ్చు, సినిమా హాయిగా చూడొచ్చు. షూటింగ్ ఆట మాత్రం 5 ఎంబీపీఎస్ పాత రాగి తీగ మీదే బాగా నడుస్తుంది. స్టార్‌లింక్ ఉపగ్రహాలు 500 కిలోమీటర్లకు అటూ ఇటూ ఎత్తులోనే తిరగడానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి.

నిలకడ అంటే ఏమిటి

పింగ్ తక్కువగా ఉండటం ఒక ఎత్తు, ఒకేలా ఉండటం ఇంకో ఎత్తు. నన్నడిగితే రెండోదే ముఖ్యం. ఎప్పుడూ 80 దగ్గర కదలకుండా ఉండే లైను మీద ఆడినవాడు ఆ ఆలస్యానికి అలవాటు పడిపోతాడు, వేళ్లే ముందుగా కదులుతాయి. 20 నుంచి 150 మధ్య గంతులేసే లైనుకు ఎవరి వేళ్లూ అలవాటు పడలేవు. ఈ గంతులనే జిట్టర్ అంటారు. దారిలో కొన్ని ప్యాకెట్లు మాయమైపోతే అది ప్యాకెట్ లాస్. ఆటగాళ్లు నెట్ ఆగి ఆగి వస్తోందని వాపోయేదంతా దాదాపుగా ఈ రెండింటి గురించే. స్పీడ్ టెస్ట్‌లో పెద్దక్షరాలతో కనిపించే అంకెలో ఈ రెండూ లేవు.

ఆటలు వీటిని దాచడానికి పడే పాట్లు తెలిస్తే, ఎప్పుడు దాచలేకపోతాయో కూడా తెలుస్తుంది. 1996లో క్వేక్ అనే షూటింగ్ ఆట వచ్చినప్పుడు పద్ధతి నిజాయితీగా ఉండేది: మీట నొక్కితే కబురు సర్వర్‌కు పోవాలి, సర్వర్ సరేనన్నాకే మన బొమ్మ కదలాలి. ఒకే గదిలో కంప్యూటర్లు కలుపుకుని ఆడేవాళ్లకు ఇది బాగానే ఉంది. ఫోన్ లైను మోడెమ్ మీద ఆడేవాళ్లకు మాత్రం మంచు మీద జారుతున్నట్టుండేది. అదే ఏడాది చివర్లో ఆ ఆట ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ దాని కొత్త రూపం క్వేక్‌వరల్డ్ తెచ్చాడు. సర్వర్ ఏమంటుందో ముందే ఊహించి, మన బొమ్మను వెంటనే కదిలించేస్తుంది. సర్వర్ కాదంటే తర్వాత సరిదిద్దుకుంటుంది. ఎవరి మోడెమూ మారలేదు, కానీ ఆట మారిపోయింది. ఊహ తప్పినప్పుడే మనం పరుగెత్తి పరుగెత్తి హఠాత్తుగా పాత చోటికి వచ్చి పడతాం. ఆటగాళ్ల భాషలో రబ్బర్ బ్యాండింగ్.

మిగతా ఆటగాళ్ల బొమ్మల విషయంలో ఇంకో ఉపాయం వాడతారు. వాల్వ్ సంస్థ ఆటలు నడిచే సాఫ్ట్‌వేర్ సోర్స్ ఇంజన్ డిఫాల్ట్ సెట్టింగులో సెకనుకు 20 కబుర్లు వస్తాయి, అంటే 50 మిల్లీసెకన్లకు ఒకటి. కానీ ఎదుటివాళ్లను 100 మిల్లీసెకన్ల వెనకటి స్థితిలో చూపిస్తుంది. చేతిలో ఎప్పుడూ ఒక కబురు మిగులు ఉంటుంది కాబట్టి ఒకటి దారిలో పోయినా కదలిక తెగదు. వరసగా రెండు మూడు పోతేనే బొమ్మ ఆగి ఎగురుతుంది. ఇక మనం కాల్చినప్పుడు సర్వర్ కాలాన్ని కాస్త వెనక్కి తిప్పి, ఆ క్షణాన మన తెర మీద ఎదుటివాడు ఎక్కడ ఉన్నాడో చూసి తీర్పు చెబుతుంది. గోడ చాటుకు వచ్చేశాక కూడా చచ్చిపోయామని మనం తిట్టుకునేది ఈ తీర్పు వల్లనే. కాల్చినవాడి తెర మీద మనం ఇంకా గోడ చాటుకు చేరలేదు.

పోయిన ప్యాకెట్‌ను మళ్లీ పంపించుకోవచ్చు కదా అని అడగొచ్చు. వెబ్ పేజీలు, డౌన్‌లోడ్లు ఎక్కువగా వాడే టీసీపీ అనే పద్ధతి సరిగ్గా అదే చేస్తుంది: పోయినది దొరికేదాకా వెనక వచ్చినవాటిని పట్టి ఉంచుతుంది. ఆటకు అది శాపం. పదో వంతు సెకను కిందట ఎదుటివాడు ఎక్కడున్నాడన్నది ఇప్పుడు తెలిసి లాభం లేదు. అందుకే వేగంగా సాగే ఆటలు ఎక్కువగా 1980లో ప్రమాణమైన యూడీపీ అనే పద్ధతి మీద నడుస్తాయి. అది పంపేసి ఊరుకుంటుంది. చేరిందా లేదా అన్నది ఆట చూసుకోవాలి. సెకనుకు 64 కబుర్లున్న ఆటలో ఒక్క శాతం పోయినా సెకనున్నరకు ఒకటి పోయినట్టు, దాన్ని దాచేయవచ్చు. కానీ ప్యాకెట్లు అలా పద్ధతిగా పోవు, గుంపుగా పోతాయి. వరసగా పది పోతే ఆరో వంతు సెకను పాటు మనకు లోకం కనపడదు.

క్యూ ఎక్కడ పేరుకుంటుంది

అసలు దొంగ ఇక్కడున్నాడు. మనం ఆడుతుండగా ఇంట్లో ఇంకో ఫోన్ ఫొటోలను క్లౌడ్‌లోకి ఎక్కించడం మొదలుపెడుతుంది. అప్పటిదాకా 30 ఉన్న పింగ్ 400 అవుతుంది, 700 అవుతుంది. ఫొటోలు ఎక్కడం అయిపోగానే దానంతటదే దిగిపోతుంది. అప్పుడు టెస్ట్ పెడితే అన్నీ బాగానే ఉన్నాయని వస్తుంది. అంతుచిక్కని లాగ్ అని జనం చెప్పుకునే వాటిలో పెద్ద భాగం ఇదేనని నా అనుభవం.

ఇది ఎందుకు జరుగుతుందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1986లో ఇంటర్నెట్ ఒకసారి తన బరువు తనే మోయలేక కూలబడింది. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ పక్కనే ఉన్న విశ్వవిద్యాలయానికీ మధ్య సెకనుకు 32,000 బిట్లు పోవలసిన లైను మీద 40 బిట్లు పోయాయి. దాన్ని చూసిన ఆ ప్రయోగశాల పరిశోధకుడు వాన్ జేకబ్సన్ 1988లో టీసీపీకి ఒక విరుగుడు ప్రకటించాడు. దాని సారం: పంపేవాడు మెల్లగా మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి, ప్యాకెట్ పోయిందని తెలియగానే లైను నిండిందని గ్రహించి తగ్గాలి. ఇంటర్నెట్ నిలబడింది. ఈనాటికీ చాలా డౌన్‌లోడ్లు, అప్‌లోడ్లు ఈ పోకడతోనే నడుస్తాయి. మరోలా చెప్పాలంటే, లైను ఎంత వెడల్పు ఉంటే అంతా నింపి, ఒకటి కింద పడేదాకా నింపడం ఆపకపోవడం వాటి స్వభావం.

ఆ తర్వాత మెమరీ చవకైంది. ప్యాకెట్లు కింద పడటం లోపంగా భావించిన తయారీదార్లు మోడెమ్‌లలో, రూటర్లలో పెద్ద పెద్ద బఫర్లు, అంటే ప్యాకెట్లు వేచి ఉండే తాత్కాలిక మెమరీ, పెట్టేశారు. మంచి ఉద్దేశమే. కానీ కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. బఫర్ నిండేదాకా ఏ ప్యాకెట్టూ కింద పడదు, పడేదాకా పంపేవాడు తగ్గడు, ఈలోగా క్యూ పెరుగుతూనే ఉంటుంది. ఆ క్యూ చివరకు వచ్చి నిలబడేది మన బుల్లి గేమ్ ప్యాకెట్. 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్ లైను ముందు ఒక మెగాబైట్ బఫర్ నిండి ఉంటే, వెనక వచ్చిన ప్యాకెట్ బయటపడటానికి 800 మిల్లీసెకన్లు పడుతుంది. 2010లో జిమ్ గెటిస్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ ఇంటి నుంచి పెద్ద ఫైళ్లు పంపుతూ ఈ సంగతి గమనించి, దీనికి బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టాడు.

స్పీడ్ పక్షాన న్యాయంగా ఒక మాట చెప్పాలి. అదే బఫర్ 100 ఎంబీపీఎస్ లైను ముందు ఉంటే నిరీక్షణ 80 మిల్లీసెకన్లకు దిగుతుంది. క్యూ త్వరగా కరుగుతుంది, ఫొటోలు త్వరగా ఎక్కిపోతాయి, కాబట్టి ఇబ్బంది పెట్టే నిమిషాలూ తగ్గుతాయి. కొత్త ప్లాన్ తీసుకున్న మొదటి రోజుల్లో ఆట బాగుపడినట్టు అనిపించడం పూర్తిగా భ్రమ కాదు. అయితే లైను ఖాళీ ఉందని తెలిస్తే నింపేవాళ్లు తయారవుతారు. వీడియో తనంతట తానే 4కేకి పెరుగుతుంది, అప్‌డేట్లు దిగడం మొదలవుతుంది. నింపడమే టీసీపీ స్వభావం అయినప్పుడు, గదిని పెద్దది చేసినంత మాత్రాన జనం తోసుకోవడం ఆగదు. ప్లాన్ పెంచుకునేటప్పుడు డౌన్‌లోడ్ అంకెనే చూస్తాం, అప్‌లోడ్ తరచుగా అందులో పదో వంతే ఉంటుంది. క్యూ మొదట పేరుకునేది ఆ సన్నటి వైపే.

ఇంకో మెలిక కూడా ఉంది. క్యూ ఎప్పుడూ దారిలో అన్నిటికంటే ఇరుకైన చోటే పేరుకుంటుంది. లైను 50 ఎంబీపీఎస్ ఉన్నంతకాలం ఆ ఇరుకు మోడెమ్ దగ్గర ఉంటుంది. లైను 500కి పెంచామనుకోండి. మన గది దాకా వచ్చే వైఫై 200 మించి మోయలేకపోతే ఇరుకు వైఫై దగ్గరికి మారుతుంది. అక్కడి బఫర్లు ఇంకా అడ్డదిడ్డంగా ఉంటే, స్పీడ్ పెంచాక ఆట పాడైందని ఫిర్యాదు చేసేవాళ్లు అబద్ధం చెబుతున్నట్టు కాదు.

దీనికి అసలు మందు క్యూను తెలివిగా నడపడం. 2012లో క్యాథ్లీన్ నికొల్స్, వాన్ జేకబ్సన్ కలిసి కోడెల్ అనే పద్ధతి ఇచ్చారు. బఫర్ ఎంత పొడుగుందని కాకుండా, ఒక్కో ప్యాకెట్ అందులో ఎంతసేపు నిలబడిందో అది చూస్తుంది. నిరీక్షణ 5 మిల్లీసెకన్లకు దిగకుండా 100 మిల్లీసెకన్ల పాటు సాగితే, ఒక ప్యాకెట్‌ను కావాలనే పడేసి పంపేవాడికి హెచ్చరిక ఇస్తుంది. దీని తోబుట్టువు ఎఫ్‌క్యూ-కోడెల్ ఇంకో అడుగు ముందుకేసి, ఎవరి క్యూ వాళ్లకే ఇస్తుంది. గంటకొట్టినట్టు అప్పుడొకటి అప్పుడొకటి వచ్చే గేమ్ ప్యాకెట్లు ఫొటోల గుట్ట వెనక నిలబడనక్కర్లేదు, ముందు వాటినే వదులుతుంది. కేక్ అనేది ఈ వరసలో వచ్చిన మరింత తాజా రూపం. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వంటి రూటర్ సాఫ్ట్‌వేర్లలో ఎస్‌క్యూఎం (స్మార్ట్ క్యూ మేనేజ్‌మెంట్) అన్న పేరుతో ఇవి దొరుకుతాయి.

మొదట్లో చెప్పిన వింత ఇక్కడే ఉంది. ఎస్‌క్యూఎం పనిచేయాలంటే క్యూ మన రూటర్ చేతిలో ఉండాలి. లైను పూర్తి మోత వాడితే క్యూ మోడెమ్‌లోనో అవతలి పరికరంలోనో పేరుకుంటుంది, మన చెయ్యి అక్కడికి అందదు. కాబట్టి 100 వచ్చే లైనును రూటర్‌లో 90 అని చెప్పి కావాలనే ఇరుకు చేస్తారు. పది పోతుంది. దానికి బదులు, ఇంట్లో ఎవరు ఏం దించుకుంటున్నా పింగ్ 30 దగ్గరే పడి ఉంటుంది. 90 ఎంబీపీఎస్‌లో ఎస్‌క్యూఎం ఉన్న ఇల్లు, 500లో అది లేని ఇల్లు, రెండింట్లో ఆడమంటే నేను మొదటి ఇంట్లోనే కూర్చుంటాను. ఒక హెచ్చరిక: వందల ఎంబీపీఎస్ దగ్గర ఈ పని చేయడానికి బలమైన ప్రాసెసర్ కావాలి, బక్క రూటర్ మీద పెడితే అదే అడ్డుగోడ అవుతుంది. పెట్టె మీద గేమింగ్ మోడ్ అని రాసి ఉన్నంత మాత్రాన లోపల ఇదే ఉందనీ అనుకోకూడదు.

గాలిలో నడిచే ఆఖరి పది అడుగులు

తీగకు ఉన్న క్రమశిక్షణ వైఫైకి లేదు. ఒక చానల్ మీద ఒక్క క్షణంలో ఒక్కరే మాట్లాడాలి. ప్రతి పరికరం ముందు చెవి ఒగ్గి విని, ఎవరూ మాట్లాడటం లేదనుకుంటే, కాసేపు ఆగి తను మొదలుపెడుతుంది. ఇద్దరు ఒకేసారి మొదలుపెడితే ఇద్దరి మాటా పోతుంది, మళ్లీ పంపాలి. గోడ అవతల ఎక్కడో ఒక పాత ఫోన్ నత్తనడకన డేటా పంపుతుంటే, అది పంపినంతసేపూ మిగతావాళ్లు నోరు మూసుకోవాలి. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో ఒకదాన్నొకటి తొక్కుకోని చానళ్లు మూడే: 1, 6, 11. చుట్టుపక్కల రూటర్లన్నీ ఆ మూడింటి మీదే. పైగా మైక్రోవేవ్ ఒవెన్ పనిచేసేదీ 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే, బ్లూటూత్‌దీ అదే బ్యాండు. ఒవెన్ పెట్టినప్పుడల్లా ఆట ఆగుతోందని ఎవరైనా అంటే నవ్వకండి.

5 గిగాహెర్ట్జ్‌లో చోటు ఎక్కువ, రద్దీ తక్కువ, కానీ గోడలు దాటే శక్తీ తక్కువే. ల్యాప్‌టాప్‌లు కనెక్ట్ అయి ఉండగానే ఇంకెక్కడైనా మంచి సిగ్నల్ ఉందేమోనని అప్పుడప్పుడు పక్క చానళ్లు తొంగి చూస్తాయి. ఆ తొంగిచూపులో కూడా పింగ్ ఎగురుతుంది. ఇవేవీ ప్లాన్ మార్చితే పోయేవి కావు. ఒక ఈథర్నెట్ కేబుల్ లాగితే ఒక్క పూటలో పోతాయి. అందంగా ఉండదు, గది అడ్డంగా తీగ పోతుంటే ఇంట్లోవాళ్లు సణుగుతారు. అయినా ఈ వ్యాసంలో నమ్మకంగా చెప్పగల సలహా ఒక్కటే ఉంటే అది ఇదే.

మొబైల్ డేటాది కూడా గాలి కథే. టవర్ ఎవరికి ఎప్పుడు చోటివ్వాలో తను నిర్ణయిస్తుంది, మనం కదిలితే ఒక టవర్ నుంచి మరో టవర్‌కు చేతులు మారుతుంది. 5జీలో టెస్ట్ అంకె ఆకాశానికంటినా జిట్టర్ మిగిలి ఉండటానికి కారణం అది.

స్పీడ్ నిజంగా పనికొచ్చే చోట

ఇంత చెప్పాక స్పీడ్ దండగ అనుకుంటే అదీ తప్పే. ఇంట్లో నలుగురు ఒకేసారి వీడియోలు చూస్తూ, 10 ఎంబీపీఎస్ లైను ఎప్పుడూ నిండే ఉంటే, ఎంత తెలివైన క్యూ అయినా అందరినీ సంతోషపెట్టలేదు. అక్కడ పెంచాల్సిందే. ఆడుతూ దాన్ని లైవ్‌గా ప్రసారం చేసేవాళ్లకు ఆ ప్రసారానికే 6 ఎంబీపీఎస్ దాకా అప్‌లోడ్ కావాలి. 100 గిగాబైట్ల ఆటను దించుకోవడానికి 20 ఎంబీపీఎస్‌లో 11 గంటలు, 200లో గంటా పది నిమిషాలకు లోపే.

క్లౌడ్ గేమింగ్ పూర్తిగా వేరే జాతి. అక్కడ ఆట దూరాన ఉన్న కంప్యూటర్‌లో నడుస్తుంది, మనకు వచ్చేది వీడియో. జీఫోర్స్ నౌ అనే అలాంటి సేవ ఫుల్ హెచ్‌డీలో 60 ఫ్రేములకు 25 ఎంబీపీఎస్ అడుగుతుంది. మోత తక్కువైతే బొమ్మ మసకబారుతుంది, పింగ్ ఎక్కువైతే మీట నొక్కినా చేయి ఆలస్యంగా కదులుతుంది. ముందు చెప్పిన ఊహించి కదిలించే ఉపాయం ఇక్కడ పారదు. మన దగ్గర ఆటే లేదు, ఊహించడానికి.

అపోహ పుట్టే చోటు ఒకటుంది. రాగి తీగ నుంచి ఫైబర్‌కు మారినవాళ్లలో చాలామంది ఆట అద్భుతంగా మారిందని చెబుతారు. మారుతుంది కూడా. పాత ఏడీఎస్‌ఎల్ లైన్లలో తప్పుల్ని దిద్దుకోవడానికి డేటాను చిన్నచిన్న ముక్కలుగా కలిపి పంపే పద్ధతి ఉండేది, దానికే పది ఇరవై మిల్లీసెకన్లు పోయేవి. తీగలో రేడియో చప్పుళ్లు దూరేవి. ఫైబర్‌లో ఇవి లేవు, అప్‌లోడ్ కూడా విశాలంగా ఉంటుంది. మేలు చేసింది తీగ మార్పు. బిల్లు మీద కనిపించింది 20 నుంచి 200కి మారిన అంకె. పొగడ్త అంకెకు దక్కింది. అదే ఫైబర్ మీద 200 నుంచి 500కి పోయినవాళ్లకు రెండోసారి ఆ అద్భుతం జరగదు, జరగలేదేమిటా అని మళ్లీ వెయ్యికి మారతారు.

ఎక్కడ తెగుతోందో పట్టుకోవడం

ముందు నెట్‌దా, మన పరికరానిదా తేల్చుకోవాలి. గ్రాఫిక్స్ భారమై ఫ్రేములు పడిపోయినా చూడటానికి లాగ్‌లాగే ఉంటుంది. ఆట సెట్టింగుల్లో ఫ్రేముల అంకె, పింగ్, ప్యాకెట్ లాస్ తెర మీద కనిపించేలా పెట్టుకుంటే ఈ గొడవ ఒక్క మ్యాచ్‌లో తేలుతుంది. ఫ్రేములు నిలకడగా ఉండి పింగ్ ఎగిరితే నెట్. రెండూ బాగానే ఉండి అందరూ ఒకేసారి ఆగిపోతే సర్వరే అలిసిపోయింది. సర్వర్ లేకుండా ఆటగాళ్లలో ఒకరి పరికరమే ఆతిథ్యమిచ్చే ఆటలు కొన్ని ఉన్నాయి, అక్కడ మన అదృష్టం ఎవరిదో అప్‌లోడ్ చేతిలో ఉంటుంది.

తర్వాత కమాండ్ విండో తెరిచి రూటర్‌కే పింగ్ పెట్టాలి. చాలా ఇళ్లలో దాని చిరునామా 192.168.1.1 లేదా 192.168.0.1. కేబుల్ మీద ఒక మిల్లీసెకను లోపు, మంచి వైఫై మీద రెండు మూడు రావాలి. ఐదు నిమిషాలు వదిలేస్తే మధ్యమధ్యలో 80, 200 కనిపిస్తే మనం కంపెనీకి ఫోన్ చేయాల్సిన పనే లేదు, తప్పు గదిలోనే ఉంది.

రూటర్ దాకా శుభ్రంగా ఉంటే, బయటి చిరునామా ఒకదానికి పింగ్ పెట్టి, అది నడుస్తుండగానే ఒక పెద్ద ఫైలు దించాలి, తర్వాత ఎక్కించాలి. ఖాళీ లైను మీద పింగ్ ఎవరికైనా బాగుంటుంది, బరువు పడ్డప్పుడు ఎంత పెరుగుతుందన్నదే పరీక్ష. ఇప్పుడు కొన్ని స్పీడ్ టెస్టులు కూడా బరువు లేనప్పటి పింగ్, ఉన్నప్పటి పింగ్ విడిగా చూపిస్తున్నాయి. 30 కాస్తా 45 అయితే సరే. 30 కాస్తా 500 అయితే పైన చెప్పిన క్యూ వ్యాధి, మందు ఎస్‌క్యూఎం.

ప్యాకెట్ దారిలో దాటే రూటర్లను మజిలీలుగా వరసపెట్టి చూపించే ట్రేస్‌రూట్ వాడేవాళ్లకు ఒక మాట: మధ్యలో ఏదో ఒక మజిలీలో 60 శాతం లాస్ కనిపించగానే దొంగ దొరికాడని గంతులేయకండి. చాలా రూటర్లు మన వాకబులకు జవాబివ్వడాన్ని చివరి పనిగా పెట్టుకుంటాయి, అసలు ట్రాఫిక్‌ను మాత్రం సజావుగానే పంపిస్తాయి. ఆ మజిలీ నుంచి చివరిదాకా లాస్ అలాగే కొనసాగితేనే అర్థం ఉన్నట్టు.

రూటర్ దాకా కేబుల్, ఇంట్లో ఎవరూ ఏమీ దించడం లేదు, అయినా రోజూ సాయంత్రం ఒకే వేళకు పింగ్ ఎగురుతోందంటే, అది మనలాంటి చాలా ఇళ్లు కలిసి వాడుకునే లైను దగ్గర రద్దీ. అక్కడ ప్లాన్ పెంచమని కంపెనీవాళ్లే సలహా ఇస్తారు. కానీ పంచుకునే లైను మారనప్పుడు మన వాటా మీద రాసిన అంకె పెద్దదైతే ఒరిగేదేమీ లేదు. వారం రోజులు ఏ వేళకు, రూటర్ దాటాక మొదటి మజిలీకి పింగ్ ఎంత వచ్చిందో రాసి పెట్టుకోండి. ఫోన్ చేసినప్పుడు నెట్ స్లోగా ఉందని అనకండి, అంటే వాళ్లు స్పీడ్ టెస్ట్ పెట్టమంటారు, అది 100 చూపిస్తుంది, ఫిర్యాదు అక్కడే మూతపడుతుంది. ఎనిమిది గంటలకు మొదటి మజిలీ 8 నుంచి 140కి ఎందుకు పోతోందని అడగండి.